బిందె చూసి నోరు చూసే డాక్టరమ్మ

ఆమె ఏ ఊరికి వచ్చినా ముందు పిల్లల నోళ్ళు చూసేది కాదు. నీళ్ళ బిందె చూసేది.

"ఈ నీళ్ళు ఎక్కడివమ్మా? ప్లాంటువా, బోరువా? వంటకు ఏవి పోస్తారు? పిల్ల బడిలో ఏ నీళ్ళు తాగుతుంది?" అని అడిగేది. ఆ సంగతంతా తేలాకే సంచీలోంచి చిన్న అద్దం తీసేది. మా వీధిలో ఒక మామ అరుగు మీద కూర్చుని ఇదంతా విని, "ఈమె పళ్ళ డాక్టరా, నీళ్ళ డాక్టరా?" అన్నాడు. ఆ పేరే ఉండిపోయింది. నీళ్ళ డాక్టరమ్మ. ఎవరో ఆమె చెవిన కూడా వేశారు. కోపం రాలేదు. ఆ మామతోనే, "మీ ఊళ్ళో రెండూ ఒకటే తాతా" అంది.

మొన్న ఫిల్టరు నీళ్ళ ప్లాంటు దగ్గర క్యాను పెట్టుకుని నిలబడి ఉంటే, ఆశా వర్కరు కుమారి వచ్చి చెప్పింది.

"పెద్దమ్మా, మన నీళ్ళ డాక్టరమ్మ పోయిందంట. శానా నాళ్ళ నుంచి జబ్బంట."

కొళాయి కింద క్యాను నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. నీటి చుక్కకు తగువులాడే ఊరు మాది. అయినా వరసలో ఉన్న ఆడవాళ్ళం ఎవరమూ చెయ్యి చాచి కొళాయి కట్టెయ్యలేదు.

ఆమె పుట్టిందెక్కడో, ఇంట్లో ఎవరున్నారో నాకు పెద్దగా తెలియదు. మాట తీరు ఒంగోలు అవతలి వాళ్ళ మాట. మార్కాపురం నుంచి బేస్తవారిపేట దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరికి వచ్చేది. అంతకు ముందు వెలిగండ్ల వైపు ఊళ్ళన్నీ తిరిగిందట. ముందు పన్ను ఒకటి కొంచెం వంకర. పిల్లలు అది చూసి, "మేడం, నీ పన్నే వంకర, మాకేం బాగు చేస్తావు?" అంటే, "వంకరే గాని గట్టిది, చూడు" అని గోటితో టకటక కొట్టి చూపించేది. చల్లని అద్దం నోట్లో పెడితే పిల్ల ఉలిక్కిపడుతుందని, నన్ను కాచిన నీళ్ళు అడిగి అందులో ముంచి పెట్టేది. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. నాకూ ఆమెకూ పరిచయం ఆ వేడినీళ్ళ దగ్గరే మొదలైంది.

బడి ఎదురుగా శెట్టి దుకాణం ఉంది. వచ్చిన ప్రతిసారీ ఆమె ఆ దుకాణం ముందు కాసేపు నిలబడేది. దండల్లాగా వేలాడే చాక్లెట్లు, కారం ప్యాకెట్లు, రంగు నీళ్ళ పొట్లాలు ఒక్కొక్కటీ చూసేది.

"ఏం కావాల్నమ్మా?" అన్నాడు శెట్టి మొదటిసారి.

"ఏమీ వద్దండీ. చూస్తున్నాను."

"నువ్వట్ల చూస్తాంటే నా బేరం పోతాంది తల్లీ. నువ్వు పోయినంక వస్తామంటాండారు పిల్లోళ్ళు."

"అమ్మొద్దని అననండి. మీ మనవడిని ఒక్కసారి నోరు తెరవమనండి, చాలు."

వాడు తెరిచాడు. ఊళ్ళో అందరి పిల్లల కన్నా వాడి పళ్ళే పాడైపోయి ఉన్నాయి. పక్కనున్న వాళ్ళు, "దుకాణంలో పుట్టినోడు గదా, సరుకంతా వాని నోట్లోనే ఉంది" అని నవ్వారు. శెట్టి నవ్వలేదు. ఆ తర్వాత వేయించిన శనక్కాయలు, పుట్నాలు ముందుకు వచ్చాయి, చాక్లెట్ల దండలు లోపలికి పోయాయి. పూర్తిగా మానలేదు. వ్యాపారం వ్యాపారమే.

ఇక ఆమె తెచ్చిన మందు సంగతి చెప్పాలి. దానికి ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో ఫ్లోరైడ్ అనేది తిట్టు. కోపం వస్తే, "నీ నోట్లో ఫ్లోరైడ్ పడ" అంటారు. బోరు లోతుకు పోయే కొద్దీ నీళ్ళలో అది ఎక్కువైంది. నా వయసు వాళ్ళందరివీ మరకలు పట్టిన గారపళ్ళే. ఆడవాళ్ళం నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాం. అది సిగ్గు అనుకుంటారు బయటివాళ్ళు. పళ్ళు కనపడకుండా అలవాటైన పని అది. నా భర్త బావులు తవ్విన మనిషి. చివరి ఏళ్ళలో కింద పడిన తువ్వాలు వంగి తీసుకోలేకపోయాడు. మెడ తిరిగేది కాదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే, బండిని మలిపినట్టు మనిషి మొత్తం నెమ్మదిగా తిరిగేవాడు. ఎండ్రిన్ పురుగుమందు డబ్బా చూసినా మాకు అంత భయం లేదు గాని, ఫ్లోరైడ్ పేరు వింటే భయం.

అలాంటి ఊరికి ఆమె ఫ్లోరైడ్ తెచ్చింది. పిల్లల పళ్ళకు పూయడానికి.

ఆ రోజు బడి వరండాలో పిల్లల అవ్వలను, ఊళ్ళో ఉన్న కొద్దిమంది తల్లులను కూర్చోబెట్టారు. నేను పక్కన పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్నాను. ఆమెతో వచ్చిన నర్సమ్మ గొంతు తగ్గించి చెబుతోంది.

"మేడం, ఈ ఊళ్ళో ఆ పేరు ఎత్తొద్దు. పళ్ళకు బలం మందు అని చెప్పండి, సరిపోతాది."

"రేపు ఎవరైనా ట్యూబు మీద చదివితే?"

"ఈ ఊళ్ళో ఎవరు చదువుతారు మేడం?"

"చదవలేని వాళ్ళకైతే మరీ చెప్పాలి" అంది ఆమె.

నా చేతిలో గంజి తపేలా అట్లాగే ఆగింది. నా భర్త పోయాక, యాభై దాటిన వయసులో, మా చర్చిలో పాస్టరమ్మ దగ్గర నేను అక్షరాలు దిద్దాను. అప్పటి దాకా మందుల షాపులో, బ్యాంకులో, బస్టాండులో ఎవరేం చెబితే అదే నిజం నాకు. చదవలేని మనిషికి చెప్పాల్సిన బాకీ ఒకటుందని ఎవరి నోటా వినలేదు.

ఆమె వరండా మధ్యకు వచ్చి నిలబడింది. "ఇందులో ఉన్నది ఫ్లోరైడ్. మీ పెద్దవాళ్ళ నడుములు వంచిందే. కానీ..." అంది.

ఆ 'కానీ' తర్వాత మాట ఎవరూ వినలేదు. అందరూ లేచారు. పిల్లల రెక్కలు పట్టుకుని లాక్కుపోయారు. "విషం పుయ్యను వచ్చినాదా?" అని ఒకామె గేటు దాకా అరుస్తూ పోయింది. వరండా ఖాళీ అయింది. నర్సమ్మ తల పట్టుకుంది.

"మీరు పోలేదేం పెద్దమ్మా?" అంది డాక్టరమ్మ నన్ను చూసి.

"పొయ్యి మీద సాంబారుంది" అన్నాను.

ఆమె ఎంత నవ్విందంటే, నాకూ నవ్వొచ్చి కొంగు నోటికి పెట్టుకున్నాను. ఆమె ఆ కొంగు వైపు చూసింది. "తీయండి, చూస్తాను. నాకు కొత్త కాదులే" అంది.

నేను మొదటిసారి ఒక పరాయి మనిషి ముందు నోరు పూర్తిగా తెరిచాను. ఆమె అద్దం పెట్టి లోపలి దాకా చూసింది. "మరకలున్నాయి. పుప్పి మాత్రం ఒక్కటీ లేదు" అంది. తర్వాత పీట మీద కూర్చుని, కాస్త అన్నం పెట్టమని అడిగి, తింటూ చెప్పింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకను పాడు చేస్తుంది. బొత్తిగా లేకపోతే పంటికి ఆసరా ఉండదు. ఇప్పటి పిల్లలు ఫిల్టరు నీళ్ళు తాగుతున్నారు, అది మంచిదే, మానొద్దు. ఆ నీళ్ళలో ఇది దాదాపు ఉండదు. పైగా రోజంతా తీపి. అందుకే మరకలు పోయి పుప్పి వచ్చింది.

నాకు మనసులో మెదులుతున్న ప్రశ్న అదే. నా మనవరాలు ప్రైసీకి ఆరేళ్ళు. ఒక్క మరక లేకుండా తెల్లగా వచ్చాయి దాని పళ్ళు. చూసి మురిసిపోయాం. ఆ తెల్లని పళ్ళే పుచ్చిపోయాయి. అప్పటికే మార్కాపురం తీసుకుపోయి ఒకటి పీకించాం. మళ్ళీ దవడ వాచి, చప్పరించి మింగడం తప్ప నమలడం మానేసింది బిడ్డ.

"రేపు దాన్ని చూపిస్తాను" అన్నాను.

మరుసటి రోజు ప్రైసీ నోరు చూసి, పాడైపోయిన పాలపళ్ళకు మార్కాపురంలో ఏం చేయించాలో చెప్పింది. తర్వాత దవడ చివర చిగురు చీల్చుకుని వస్తున్న పన్ను చూపించింది.

"ఇది ఏ పన్ను పెద్దమ్మా?"

"పాలపన్నే గదా. ఊడితే ఇంకోటి వస్తాది."

"రాదు. ఇది ఉండిపోయే పన్ను. దీని తర్వాత దీని చోట ఇంకోటి లేదు."

మా ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి అది. ఆరేళ్ళ పిల్ల నోట్లో ఏ పన్నైనా పాలపన్నే అనుకుంటాం. పోతే పోనీలే అనుకుంటాం. అది కూడా పక్కనున్న పళ్ళలాగే పుచ్చిపోతే, ఈ బిడ్డ జన్మంతా ఒక పక్క నమలకుండా బతకాలి.

"అయితే పుయ్యి తల్లీ. నేను ఒప్పుకుంటాండా" అన్నాను.

"మీరు కాదు. తల్లి ఒప్పుకోవాలి."

ప్రైసీ తల్లి, నా కోడలు సువార్త, మా కొడుకుతో కలిసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయి ఉంది. ఆ కాలంలో మా ఊళ్ళో ఎక్కువగా ఉండేది ముసలివాళ్ళూ పిల్లలే. "ఫోను చేయండి" అంది డాక్టరమ్మ. చేశాను. స్పీకరు పెట్టాను.

"ఏందత్తా ఈ యాళప్పుడు? బిడ్డకేమన్నా అయిందా?"

"ఏం కాలేదులే. పళ్ళ డాక్టరమ్మ వచ్చినాది. పిల్ల పళ్ళకు ఫ్లోరైడ్ పూస్తాదంట. నిన్నడగమంటాంది."

"ఏందీ? ఫ్లోరైడా? మామను మంచాన పడేసింది చాలదా? నువ్వు దగ్గరుండి పూపిస్తావా?"

డాక్టరమ్మ ఫోను తీసుకుంది. "అమ్మా, డాక్టర్ని మాట్లాడుతున్నాను. మీ మామగారిని పాడు చేసిందీ, ఇదీ ఒకటే. కాదనను. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి బిందెలకు బిందెలు తాగారు. ఇది గోటి మీద పట్టేంత. పంటికి అంటుకుని ఉంటుంది. కొంచెం కడుపులోకి పోతుంది, ఆ కాస్తతో నడుము వంగదు."

అవతల చేనంతా వింటున్నట్టుంది. ఒక గొంతు, "కడుపులోకి పోతాదంట మే! తానే చెప్తాంది!" అంది.

"పోతుంది. పోదని అబద్ధం చెప్పను" అంది ఈమె.

ఇంకో ముసలి గొంతు వినిపించింది. "ఇత్తనానికి మందు పట్టించి ఇత్తమా మే? అట్లని ఆ మందు గిన్నెలో పోసుకోని తాగుతామా? ఇదీ అంతే."

"నువ్వుండు చిన్నమ్మా" అని కసిరింది సువార్త. తర్వాత, "సరే డాక్టరమ్మా, ఒక పని చెయ్యి. ముందు మా అత్తకు పుయ్యి. ఆమెకేమీ కాకపోతే అప్పుడు నా బిడ్డకు" అంది.

చేనంతా ఒకటే నవ్వు. "మంచి కోడలివే! అత్త మీద పరీక్ష పెట్టినావు!" అని అరుపులు.

"నీ దుంప తెగ, వింటాండానే" అన్నాను నేను.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ అత్తగారికి పూయను" అంది.

"ఏం?"

"నిన్న ఆవిడ పళ్ళు చూశాను. పుప్పి లేదు. ఆవిడకు ఇది అవసరం లేదు. అవసరం లేని వాళ్ళకు నేను పూయను. ఇవాళ పొద్దున గొర్రెల వాళ్ళ గుడిసెల్లో పిల్లలకు కూడా పూయనన్నాను. వాళ్ళు ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నారు, పళ్ళలో పుప్పి లేదు. వాళ్ళకు మందు కాదు, ముందు నీళ్ళు మారాలి. మీ అమ్మాయికి మాత్రం ఇది కావాలి."

అవతల మిరపకాయలు గోతాంలోకి పోస్తున్న గలగల వినపడింది.

"అవసరం లేదని చెప్పే డాక్టర్ని ఇప్పుడే చూస్తాండా" అంది సువార్త నెమ్మదిగా. "పుయ్యి. బిడ్డ ఏడిస్తే మాత్రం నాకు ఫోనియ్యి."

ఆమె ఫోను పెట్టక ముందే చేలోంచి మిగతా తల్లులు అందుకున్నారు. "అమ్మా, మావాడిది కూడా చూడు", "మా చిన్నదానికి అవసరమైతేనే పుయ్యి, లేకపోతే వద్దు." ఊరు మొత్తం ఊళ్ళో వద్దన్న మందుకు, ఎక్కడో మిరప చేలో నిలబడి ఒప్పుకుంది.

పూసే ముందు ఆమె, "గుగ్గిలం పొగ పడితే పిల్లకు దద్దుర్లు, ఆయాసం వస్తాయా?" అని అడిగింది. రావన్నాను. మూత తీస్తే ఎందుకు అడిగిందో తెలిసింది. అదే వాసన. పంటిని దూదితో తుడిచి, చిన్న కుంచెతో రాసింది. ఎంతోసేపు పట్టలేదు. ప్రైసీ ఏడవలేదు. తర్వాత పిల్లలు ఒకరి నోరు ఒకరు చూసుకుని, "నీ పళ్ళకు పసుపు రాసినారే!" అని ఒకటే గోల.

"వేడిది, గట్టిది ఇప్పుడే తినకూడదు. రేపు పొద్దుటి దాకా బ్రష్ వేయొద్దు" అంది డాక్టరమ్మ.

"మాపటి పూట బ్రష్ ఏ రోజు ఏసినారులే" అంది పక్కనున్న ఒక అవ్వ.

"రేపు మాపటి నుంచి వేయించు అవ్వా" అంది ఈమె వెంటనే.

ఆ పూట నేను సాంబారు చల్లార్చి, అన్నం మెత్తగా పిసికి పెట్టాను. ఆమె పిల్లల వరస చివర కూర్చుని అదే చల్లారిన అన్నం తింది.

కోతలు అయ్యాక సువార్త తిరిగి వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ వచ్చిన రోజు, కొత్త ఎండుమిరపకాయలు సంచీ నిండా తీసుకుపోయి ముందు పెట్టింది. "పళ్ళ డాక్టరుకు మిరపకాయలు ఇస్తాందే!" అని అందరూ ఆట పట్టించారు. ఆమె రెండు చేతులా పట్టినన్ని మాత్రం తీసుకుని, "ఇవి నా పచ్చడికి చాలు" అని చెంగున కట్టుకుంది. ఫోనులో పోట్లాడిన వాళ్ళిద్దరూ ఆ రోజు బల్ల మీద పక్కపక్కన కూర్చుని ప్రైసీ చేత పళ్ళు తోమించారు. ఇద్దరూ ఒకేసారి, "ఆ మూల, ఆ మూల" అంటుంటే పిల్ల ఎవరి మాట వినాలో తెలియక బ్రష్ నోట్లో పెట్టుకుని అట్లాగే నిలబడింది.

కొన్ని నెలలకొకసారి వచ్చి పూసి పోయేది. గొర్రెల వాళ్ళ గుడిసెలకు కూడా ప్రతిసారీ పోయేది. అక్కడ ఏమీ పూసేది కాదు. నీళ్ళ సంగతి అడిగి, తిరిగి వచ్చి పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. "ఏం మేడం మళ్ళీ?" అని వాళ్ళు విసుక్కునే వాళ్ళు. "మళ్ళీనే" అనేది. ఇప్పుడు ఫిల్టరు నీళ్ళ ఆటో ఆ గుడిసెల దాకా పోతుంది. అది ఆమె వల్లనే అని ఎవరూ రాసి పెట్టలేదు. నేను రాస్తున్నాను.

ఆఖరిసారి వచ్చినప్పుడు చిక్కిపోయి ఉంది. అడిగితే, "బస్సులు తిరిగి తిరిగి" అంది. బడి మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంది. ప్రైసీని కూర్చోబెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఎప్పుడూ చేయని పని చేసింది. అద్దం నా చేతికిచ్చింది.

"మీరు చూడండి పెద్దమ్మా."

అద్దాన్ని ఎటు తిప్పాలో నాకు తెలియలేదు. ఆమె నా మణికట్టు పట్టుకుని తిప్పింది. దవడ చివర ఆ పన్ను కనపడింది. పూర్తిగా పైకి వచ్చి, గట్లు తేరి, నల్లచుక్క లేకుండా ఉంది. దాని ఎదుటి పక్కది కూడా అంతే. నా నోట్లోవి నేను ఎన్నడూ చూసుకోలేదు. ఒక పన్ను అంత చక్కగా ఉంటుందని నాకు తెలియదు.

"ఇదెన్నాళ్ళుంటాది తల్లీ?" అన్నాను.

"తోముకుంటూ ఉంటే, మనిద్దరం పోయాక కూడా ఉండాలి" అంది.

ఆమె నాకన్నా ఇరవై ఏళ్ళకు పైనే చిన్నది. మనిద్దరం అన్నప్పుడు నా వయసు కోసం మర్యాదగా కలుపుకుందని అనుకున్నాను.

కుమారి ఆ కబురు చెప్పిన రోజు నేను క్యాను మోసుకుని ఇంటికి వచ్చేసరికి ప్రైసీ గడప మీద కూర్చుని జొన్న కంకి కాల్చుకుని గింజలు వలుచుకు తింటోంది. ఇప్పుడది నా భుజం దాకా ఎదిగింది.

"నోరు తెరువు" అన్నాను.

"ఏందవ్వా? తింటాండా గదా."

"తెరువు."

తెరిచింది. గింజల పిప్పి మధ్య నుంచి వెతికి ఆ పన్ను చూశాను. రెండో పక్కదీ చూశాను.

"ఏమైంది అవ్వా? ఉందా?"

"ఉంది. తిను" అన్నాను.

అది మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. రెండు పక్కలా.